సెమీ ఆటోమేటిక్ రైఫిలా, పది మీటర్ల మ్యాచ్ రైఫిలా? మన జిల్లాల వాళ్లు ఏది కొనాలి

సైన్యానికి కొడుకును పంపని ఊరు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వెతికినా దొరకడం కష్టం. పెన్షన్ కాగితాలతో ఇంటికొచ్చి, పొలం పని, ఇంటి పని ఒక దారిన పడ్డాక మాలాంటి వాళ్లలో చాలామందికి ఒక కోరిక తలెత్తుతుంది: సొంతంగా ఒక మంచి రైఫిల్ ఉండాలి. నాకూ ఆ కోరిక ఉండేది.

నేను చేతబట్టిన మొదటి రైఫిల్ ఎస్‌ఎల్‌ఆర్, అప్పట్లో మన సైన్యం వాడిన, తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్. 7.62 మిల్లీమీటర్ల తూటా, ఇరవై తూటాల మ్యాగజైన్. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా వెళ్లడం, బ్యారెల్ నుంచి మళ్లిన గ్యాసు పిస్టన్‌ను వెనక్కి కొట్టడం, ఖాళీ తొడుగు కుడిపక్కకు ఎగిరి రాతి మీద టింగుమనడం ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. భుజానికి ఆ దెబ్బ అలవాటైన మనిషికి మిగతా తుపాకులన్నీ పిల్లల ఆటవస్తువుల్లా కనిపిస్తాయి. అందుకే "అన్నయ్యా, విదేశాల్లో దొరికే మంచి సెమీ ఆటోమేటిక్ స్పోర్టింగ్ రైఫిల్ ఏదైనా మనం కొనుక్కోవచ్చా?" అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న ఎక్కడినుంచి వస్తోందో నాకు తెలుసు. అదే వారంలో ఇంకెవరో తల్లిదండ్రులు ఫోన్ చేసి, "మాస్టారూ, అమ్మాయి షూటింగ్ నేర్చుకుంటానంటోంది, ఏ రైఫిల్ కొనమంటారు?" అంటారు. విజయనగరంలో మా మేడమీద పది మీటర్ల వరుస ఒకటి కట్టుకుని పిల్లలకు గురి నేర్పుతున్నాను కాబట్టి ఈ రెండు ప్రశ్నలూ నా దగ్గరికే వస్తాయి.

రెండింటికీ నా జవాబు ఒకటే. రోజూ అరవై సార్లు కాల్చగలిగిన రైఫిల్ కొనండి. పోటీలో కాల్చేది అరవై. సాధనలో అంతకు తగ్గితే చేయి నిలవదు. మనం ఉన్న చోట ఈ పరీక్షకు సెమీ ఆటోమేటిక్ నిలబడదు, గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండును, అంటే పెల్లెట్‌ను, కాల్చే పది మీటర్ల మ్యాచ్ ఎయిర్ రైఫిల్ నిలబడుతుంది.

సెమీ ఆటోమేటిక్ గొప్పతనం ఎక్కడ ఉంది

ముందు దానికి న్యాయం చేద్దాం. బ్రౌనింగ్ కంపెనీ 1967లో తెచ్చిన 'బార్' (బీఏఆర్) అనే స్పోర్టింగ్ రైఫిల్, ఇటలీ బెనెల్లీ వాళ్ల ఆర్గో రైఫిళ్లు చాలా మంచి పనితనం ఉన్న వస్తువులు. గ్యాసుతో నడిచే యంత్రాంగం, తూటా వెనుక తలుపులా మూసుకుని గట్టిగా తాళం పడే తిరుగుడు బోల్టు, దెబ్బను కొంత తానే మింగే నిర్మాణం, చేతికి నునుపుగా తగిలే వాల్‌నట్ కర్ర. యూరప్‌లో అడవిపందులను తరిమి వేటాడే పద్ధతి ఒకటుంది. పరుగెత్తే జంతువు మీద మొదటి తూటా తప్పితే, చెంపను కర్ర మీదినుంచి తీయకుండా రెండో తూటా వేయాలి. ఆ రెండో తూటా కోసమే ఇన్ని హంగులు, ఇంత ధర.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటకు తలుపు మూసుకుపోయింది. మూసుకుపోవడమే మంచిదని నా అభిప్రాయం. అంటే ఆ రైఫిల్ ఏ అవసరం కోసం పుట్టిందో ఆ అవసరం మనకు లేదు. ఇక పోటీల సంగతి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం పది మీటర్లయినా, యాభై మీటర్లయినా రైఫిల్ పోటీల్లో తూటాను ఒక్కొక్కటిగా చేత్తో పెట్టి కాల్చాలి. ఎంత ఖరీదైన సెమీ ఆటోమేటిక్ అయినా ఆ వరుసలో నిలబెట్టలేం. ఈ ఒక్క మాట తెలియక ఆశపడేవాళ్లు ఎక్కువ.

గురి విషయంలోనూ తేడా ఉంది. ప్రతి తూటాకూ బోల్టును చేత్తో లాగి మూసే బోల్ట్ యాక్షన్ రైఫిల్లో తూటా వెళ్లేటప్పుడు కదిలే భాగాలు చాలా తక్కువ. సెమీ ఆటోమేటిక్‌లో బ్యారెల్‌కు గ్యాసు గొట్టం, పిస్టన్ అతుక్కుని ఉంటాయి. బ్యారెల్ కంపించే తీరు వాటితో మారుతుంది. పాయింట్ 22 అంగుళం బోరు సెమీ ఆటోమేటిక్‌లైతే ఎక్కువగా బోల్టుకు తాళమే ఉండదు, దాని బరువే దానికి తాళం. ట్రిగ్గర్ కూడా అంతే. ఒక్క నొక్కుకు రెండో తూటా పోకుండా సుత్తిని మళ్లీ పట్టుకునే కొక్కెం ఒకటి అందులో అదనంగా ఉండాలి కాబట్టి, మ్యాచ్ రైఫిల్లో ఉన్నంత తేలికైన, గాజుకడ్డీ విరిగినట్టు తెగే ట్రిగ్గర్‌ను ఇందులో సాధించడం కష్టం.

ఇన్ని చెప్పినా కొందరికి మనసు అక్కడే ఉంటుంది. వాళ్లు ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వకముందే తమ లైసెన్సు పుస్తకం తెరిచి చూసుకోవాలి. 2016 ఆయుధ నియమాల మొదటి షెడ్యూలు తుపాకులను వర్గాలుగా విడదీస్తుంది. సెమీ ఆటోమేటిక్ తుపాకులను అది మామూలు బోల్ట్ యాక్షన్ రైఫిళ్ల సరసన పెట్టలేదు. సైనిక తూటాలైన 7.62, పాయింట్ 303 పట్టే రైఫిళ్లదీ వేరే వర్గమే. ఎస్‌ఎల్‌ఆర్ వంటిదే కావాలనే కోరిక అక్కడితోనే ఆగిపోతుంది. కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సుల గుమస్తాను అడిగి, మీ లైసెన్సు ఏ వర్గానికి పనికొస్తుందో కాగితం మీద చూసుకోండి. అమ్మేవాడి నోటిమాట మీద వెళ్లకండి. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారు దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు కూడా. ఇంట్లో తాతగారి నాటి పన్నెండు బోరు తుపాకి ఇప్పటికే ఉంటే మిగిలింది ఒక్క ఖాళీయే.

అన్నీ కుదిరి, చట్టబద్ధంగా ఒక సెమీ ఆటోమేటిక్‌ను చూడటానికి వెళ్లారనుకుందాం. అప్పుడు మెరుపు చూడకండి. ఖాళీ తొడుగులు ఎటు పడుతున్నాయో చూడండి. అన్నీ ఒకే వైపు, ఇంచుమించు ఒకే దూరంలో పడితే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒకటి కాళ్ల దగ్గర, ఒకటి దూరంగా పడితే గ్యాసు దారిలోనో, తొడుగును లాగే గోరులోనో లోపం ఉన్నట్టు. లక్ష్యం మీద అయిదు తూటాల రంధ్రాల గుంపు ఒక్కసారి చూసి మురిసిపోకుండా, చల్లని బ్యారెల్‌తో ఒకసారి, వేడెక్కాక ఇంకోసారి కాల్చించండి. రెండు గుంపులూ ఒకే చోట పడాలి. అదనపు మ్యాగజైన్ దొరుకుతుందో లేదో అడగండి. మ్యాగజైన్ పెదవి, అంటే తూటాను పట్టే పై అంచు, వంగిపోతే అంత ఖరీదైన రైఫిలూ మూలన పడాల్సిందే.

బోల్ట్ యాక్షన్ల గురించి కొద్దిగా. ఇషాపూర్‌లో తయారయ్యే పాయింట్ 315 గట్టి రైఫిల్, కాపలా ఉద్యోగానికి సరిపోతుంది, క్రీడకు కాదు. యాభై మీటర్ల పాయింట్ 22 మ్యాచ్ రైఫిల్ మాత్రం అద్భుతమైన క్రీడ. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుశాలే కాంస్యం తెచ్చింది ఆ క్రీడలోనే. అయితే దానికి లైసెన్సు కావాలి, తూటాల కోటా కావాలి, వెనుక మట్టి దిబ్బ ఉన్న యాభై మీటర్ల రేంజ్ కావాలి. వారానికి ఒకసారి రేంజ్‌కు వెళ్లగలిగినవాళ్లు, పది మీటర్లలో రెండు మూడేళ్లు గడిపాక దాని వైపు చూడవచ్చు.

పది మీటర్ల రైఫిల్: ఇక్కడ కాస్త ఆగుదాం

2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచింది, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. లక్ష్యం మీద పదో వలయం అంటే అర మిల్లీమీటరు చుక్క, పెన్ను మొనతో పెట్టిన చుక్కంత. ఒక వలయం నుంచి ఇంకో వలయానికి రెండున్నర మిల్లీమీటర్లు. సరిగ్గా నడిబొడ్డున పడితే 10.9. కేంద్రం నుంచి పావు మిల్లీమీటరు జరిగిన ప్రతిసారీ 0.1 పోతుంది. ఇప్పుడు లెక్క వేయండి. రైఫిల్ లోపం వల్ల ప్రతి పెల్లెట్ సగటున ఒక మిల్లీమీటరు అవతల పడితే 0.4 పాయింట్లు పోతాయి. అరవై పెల్లెట్లకు 24 పాయింట్లు. రాష్ట్ర పోటీలో అంత తేడా అంటే పట్టికలో పై నుంచి కిందికి దొర్లిపోవడమే. మంచి రైఫిల్‌కు డబ్బు పెట్టమని నేను అడిగేది ఈ ఒక్క మిల్లీమీటరు కోసమే.

ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి బయల్దేరిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో కాంస్యం ఎత్తింది. వెయిట్‌లిఫ్టింగ్‌లో పోటీకి దిగినవాళ్లందరూ ఎత్తేది వేదిక మీద ఉన్న అదే ఇనుప కడ్డీ. షూటింగ్‌లో అలా కాదు, ఎవరి రైఫిల్ వాళ్లే తెచ్చుకోవాలి. తల్లిదండ్రుల భయం అక్కడే మొదలవుతుందని నాకు తెలుసు. అందుకే ఏ దశలో ఎంత పెట్టాలో విడదీసి చెబుతున్నాను.

మొదటి ఆరు నెలలు ఏమీ కొనకండి. శిక్షణ ఇచ్చేవాళ్ల రైఫిల్‌తోనే కాల్చనివ్వండి. చాలామంది పిల్లలకు ఈలోగానే ఆసక్తి తగ్గుతుంది. తగ్గనివాళ్లకే ఖర్చు పెట్టాలి.

ఆ తర్వాత చాలామంది చేసే తప్పు, మన దేశంలో తయారైన స్ప్రింగ్ ఎయిర్ గన్ ఒకటి కొని దానితో ఏళ్లు నెట్టుకురావడం. స్ప్రింగ్ రైఫిల్లో పెల్లెట్ ఇంకా బ్యారెల్లో ఉండగానే బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది. రైఫిల్ ముందు ఒక వైపుకు, తర్వాత ఇంకో వైపుకు తన్నుతుంది. ఆ తన్నును పట్టుకోవడం నేర్చుకున్న చేయి, మ్యాచ్ రైఫిల్ చేతికొచ్చాక అదంతా మరిచిపోవాలి. గాడిలోంచి చూసి గురిపెట్టే ఓపెన్ సైట్ పోటీలకు, సరదాకు అది చాలు. చిన్న రంధ్రంలోంచి గురిచూసే పీప్ సైట్‌లో పైకి వెళ్లాలనుకునే పిల్లకు మాత్రం మొదటినుంచే గాలి సిలిండర్ ఉన్న రైఫిల్ ఇవ్వండి.

గాలి సిలిండర్ రైఫిళ్లలో పోటీ ఎక్కువగా నాలుగు పేర్ల మధ్యే: జర్మనీ నుంచి ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్, అన్షుట్జ్; ఆస్ట్రియా నుంచి స్టైర్. నిజం చెప్పాలంటే పనిలో ఉన్న ఈ నాలుగింటిలో ఏదైనా, పనికొచ్చే పెల్లెట్లు పెడితే, బిగించిన చోటినుంచి పది పెల్లెట్లనూ ఒకే రంధ్రంలో పెడుతుంది. కాబట్టి "ఫైన్‌వెర్క్‌బావ్ 800 గొప్పదా, వాల్తర్ ఎల్‌జీ 400 గొప్పదా" అనే వాదన మీద గంటలు ఖర్చు పెట్టకండి. నా చేతికి ఫైన్‌వెర్క్‌బావ్ ట్రిగ్గర్ నచ్చుతుంది. రెండు దశల మధ్య ఆ చిన్న ఆగుదల వేలికి స్పష్టంగా తెలుస్తుంది. మీ పిల్లకు ఇంకోటి నచ్చవచ్చు. చూడాల్సింది మూడు సంగతులు: ఒంటికి సరిపోతుందా, సిలిండర్ వయసెంత, గాలి ఎక్కడ నింపుతారు.

ఒంటికి సరిపోవడం అంటే ఏమిటో ఒక్క సంగతి చెబితే అర్థమవుతుంది. గజపతినగరం నుంచి వచ్చే పదమూడేళ్ల అమ్మాయికి వాళ్ల నాన్న ఒక పెద్ద అల్యూమినియం చట్రం రైఫిల్ తెచ్చారు. మంచి రైఫిలే. కానీ పూర్తిగా కుదించినా బట్ ప్లేట్, అంటే భుజానికి ఆనే వెనుక పలక, ఆమె భుజానికి మూడు వేళ్లు పొడుగు. నిలబడి గురిపెడితే వెన్ను వెనక్కి వంగింది, తల పక్కకు వాలింది, పీప్ సైట్‌లో వలయం గుండ్రంగా కాక కోడిగుడ్డులా కనిపించింది. "మాస్టారూ, ఇది నన్ను లాగేస్తోంది" అంది. నాలుగు పెల్లెట్లకే ఎడమ మోచేయి తుంటి ఎముక మీదినుంచి జారిపోయింది. ఎయిర్ రైఫిల్ బరువు నియమం ప్రకారం 5.5 కిలోల వరకు ఉండవచ్చు; ఉండాలని కాదు. పిల్లలకు నాలుగు కిలోల లోపు, చెంప కర్ర కిందికీ పైకీ, పక్కకూ జరిగే, బట్ ప్లేట్ బాగా కుదిరే రైఫిల్ వెతకండి. పొడుగు పెరిగేకొద్దీ కింది బరువులు, పొడిగింపు ముక్కలు కలుపుకోవచ్చు. ఎడమచేతి వాటం పిల్లలకు ఎడమచేతి పట్టే కొనండి. "అలవాటైపోతుందిలే" అని కుడిచేతి పట్టు అంటగట్టడం అన్యాయం.

పాతది కొంటుంటే

మన దగ్గర చాలామందికి నేను చెప్పేది కొత్త సాదా రైఫిల్ కన్నా పాత మంచి రైఫిల్ కొనమనే. మ్యాచ్ ఎయిర్ రైఫిల్ బ్యారెల్ అంత తేలిగ్గా అరగదు. సీసపు పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో మాత్రమే వెళ్తుంది. అరిగేవి రబ్బరు సీళ్లు, వయసయిపోయేది సిలిండర్. నాకు తెలిసిన ఒక కుటుంబం, ఒక అమ్మకందారు దగ్గర ఫోటోలు చూసి డబ్బు పంపేసింది. రైఫిల్ వచ్చింది, తళతళలాడుతోంది. సిలిండర్ మీద చెక్కిన తయారీ తేదీ చూస్తే పన్నెండేళ్ల కిందటిది. జర్మన్ కంపెనీలు సాధారణంగా పదేళ్లు దాటిన సిలిండర్ వాడవద్దంటాయి, పోటీలో పరికరాల తనిఖీ దగ్గరా ఆపేస్తారు. లోపల 200 బార్ ఒత్తిడి ఉంటుంది. కారు టైరులో గాలికి దాదాపు వంద రెట్లు. కొత్త సిలిండర్‌కు వాళ్లు మళ్లీ పెట్టిన ఖర్చుతో పాతది కొన్న లాభమంతా పోయింది.

కాబట్టి మొదట సిలిండర్ విప్పించి తేదీ చదవండి. తర్వాత 200 బార్ వరకు నింపించి, ఒత్తిడి మీటరు ముల్లు ఎక్కడ ఉందో పెన్సిల్‌తో రాసుకుని, రాత్రంతా వదిలేసి తెల్లవారి చూడండి. ముల్లు జరిగి ఉంటే సీలు కారుతోంది. సీలు మార్చడం పెద్ద పని కాదు, ధర తగ్గించమనడానికి మాత్రం మంచి కారణం. ట్రిగ్గర్‌ను పెల్లెట్ లేకుండా పదిసార్లు నొక్కి చూడండి. ఈ రైఫిళ్లలో ఖాళీ సాధనకు విడిగా ఒక అమరిక ఉంటుంది. పదిసార్లూ ఒకే చోట తెగాలి. పీప్ సైట్ మీట తిప్పితే ప్రతి టిక్కూ వేలికి తగలాలి. మూడు టిక్కులు తిప్పి మళ్లీ మూడు వెనక్కి తిప్పితే గుంపు మొదటి చోటికే రావాలి. రాకపోతే సైట్ లోపలి మర అరిగినట్టు.

చివరిగా గుంపు. రైఫిల్‌ను మెత్తటి గుడ్డ చుట్టి పట్టుకర్రలో బిగించి, పది మీటర్ల నుంచి ఒకే రకం పెల్లెట్లు అయిదేసి చొప్పున కాల్చండి. పెల్లెట్ తల 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లుగా దొరుకుతుంది; వెంట్రుకవాసి తేడాలే, కానీ ఒక్కో బ్యారెల్‌కు ఒక్కోటి నప్పుతుంది. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలె మ్యాచ్ రెండూ పట్టుకెళ్లండి. కాగితం మీద రంధ్రాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే, మంచి బ్యారెల్ గుంపు ఒకే పెల్లెట్ కాస్త లావుగా గుచ్చినట్టు ఉంటుంది. అంచులు పువ్వు రేకుల్లా విడివిడిగా కనిపిస్తే పెల్లెట్ మార్చి మళ్లీ కాల్చండి. రెండో రకంతోనూ అలాగే ఉంటే ఆ రైఫిల్‌ను అక్కడే వదిలి బస్సెక్కండి.

గాలి నింపడం మన జిల్లాల వాళ్లు అందరికన్నా ముందు ఆలోచించాల్సిన సంగతి. విజయనగరం నుంచి విశాఖ దగ్గరే, అక్కడ స్కూబా డైవింగ్ చేయించేవాళ్ల దగ్గర కంప్రెసర్లు ఉంటాయి. ఒక పెద్ద సిలిండర్ నింపుకుని సొంత బండిలో తెచ్చుకుంటే చాలాకాలం వస్తుంది. ఇచ్ఛాపురంలోనో, పాతపట్నంలోనో ఉన్నవాళ్లకు అది కుదరదు. వాళ్లకు చేత్తో గాలి కొట్టే చేతిపంపు ఉంది, ఓపిక కావాలి. సముద్రం ఒడ్డు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి తేమ పట్టే ఫిల్టర్ లేని చేతిపంపు కొనకండి. నీళ్లు సిలిండర్లోకి వెళ్తే లోపలినుంచి తినేస్తాయి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఆసుపత్రి ఆక్సిజన్‌తో, వెల్డింగ్ షాపు ఆక్సిజన్‌తో ఎప్పుడూ నింపకండి. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కు లోపలి గ్రీజు తోడైతే పేలుతుంది. నింపాల్సింది పొడి గాలి ఒక్కటే.

ఈ ఇబ్బందంతా లేని దారి ఒకటుంది, ఇప్పుడు దాన్ని అందరూ మరిచిపోయారు. ఫైన్‌వెర్క్‌బావ్ 600 వరుసలోని పాత పక్క మీట రైఫిళ్లు, అంటే 601, 602, 603. మీటను ఒక్కసారి తెరిచి మూస్తే ఆ పెల్లెట్‌కు కావలసిన గాలి అందులోనే కూడుతుంది. సిలిండర్ లేదు, గడువు తేదీ లేదు, కంప్రెసర్ అక్కర్లేదు. తుఫానుకు వారం రోజులు కరెంటు పోయినా సాధన ఆగదు. మీట మూయడానికి కొంచెం బలం కావాలి కాబట్టి చిన్నపిల్లలకు కుదరదు. పదహారు దాటినవాళ్లకు, పెద్దవాళ్లకు బాగుంటుంది. సీళ్లు మార్చగల మనిషి అందుబాటులో ఉన్నాడో లేదో కనుక్కున్నాకే కొనండి.

లైసెన్సు గురించి తల్లిదండ్రులు భయపడుతుంటారు. 4.5 మిల్లీమీటర్ల బోరుతో, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ శక్తి ఏడున్నర జౌళ్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అయినా బిల్లు నకలు, షూటింగ్ సంఘం గుర్తింపు కార్డు పెట్టెలోనే పెట్టండి. ప్రయాణంలో ఎవరైనా ఆపితే అవే మాట్లాడతాయి. ఇంట్లో రైఫిల్, పెల్లెట్లు వేర్వేరు చోట్ల, తాళం వేసి ఉంచండి. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పిల్లలు అన్నం ముందు కూర్చోవాలి, పెల్లెట్ సీసం.

కిందటి సంక్రాంతికి పలాస నుంచి మా యూనిట్ మిత్రుడు వచ్చాడు. సెమీ ఆటోమేటిక్ కోసం రెండేళ్లుగా కాగితాల చుట్టూ తిరుగుతున్నవాడు. మేడమీద 602 చేతికిచ్చి పది పెల్లెట్లు పెట్టాను. సైన్యంలో మూడు వందల మీటర్ల ఫైరింగ్ రేంజ్‌లో బొమ్మను పడగొట్టిన చేయి, పది మీటర్ల చుక్క ముందు వణికింది. మొదటి పెల్లెట్ ఎనిమిదిలో, రెండోది ఏడులో. అయిదో పెల్లెట్‌కు ఊపిరి సర్దుకుంది, తొమ్మిదో పెల్లెట్ పదిని ముట్టింది. కాగితం విప్పి జేబులో పెట్టుకున్నాడు. నెల తర్వాత ఫోన్ చేసి, పక్క మీట రైఫిల్ ఒకటి చూశాను, గుంపు పరీక్షకు ఆదివారం రాగలవా అన్నాడు. రెండు రకాల పెల్లెట్లు, పట్టుకర్ర సంచిలో వేసుకుని పొద్దున్నే రైలెక్కాను.